కుంటలో రెండో గొంతు

జూన్ 12

వదినకి,

నీ పెట్టె పోయిన వారం బస్సులో క్షేమంగా చేరింది. గొట్టాలు ఒక్కటీ పగల్లేదు. పగలకుండా వాటి చుట్టూ నువ్వు కుక్కిన కొబ్బరిపీచు మాత్రం ల్యాబంతా రాలింది. ఊడ్చే ఆవిడ నావంక చూసిన చూపు గురించి రాయకపోవడమే మంచిది.

ఇక అసలు సంగతి. నువ్వు కప్పల నోట్లో తిప్పి పంపిన దూదిపుల్లల్లో నాలుగింటి దగ్గర నాకు బుర్ర తిరిగిపోతోంది. కప్పలు ఏవైనా ఒకటే కదా అని నువ్వు నవ్వుతావు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మీ నర్సరీ కొండకి పడమట, మా ఊరు తూర్పున. రెండు వైపులా ఉన్న చెట్టుకప్పలు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. కొండ లేవక ముందు వీటి తాతముత్తాతలంతా ఒకటే. కొండ లేచింది, పైన ఎండురాళ్ళూ ఈదరగాలీ మిగిలాయి. ఒళ్ళు తడారితే చెట్టుకప్ప బతకదు, అందుకని దాటలేకపోయింది. లక్షల ఏళ్ళపాటు ఇటువి ఇటే, అటువి అటే పిల్లల్ని కన్నాయి. ఇక్కడ పుట్టిన మార్పు అక్కడికి పోలేదు, అక్కడిది ఇక్కడికి రాలేదు. చివరికి గొంతులే వేరయిపోయాయి. మీ వైపుది లావుగా టొక్ టొక్ అంటుంది. మా వైపుది చాలా సన్న గొంతు. అరిచేవి మగవి, ఎంచుకునేవి ఆడవి. ఆడకప్ప తనవాళ్ళ గొంతు విని వెళుతుందే తప్ప పరాయి గొంతు వైపు తొంగిచూడదు. కాబట్టి ఇవి ఒక జాతి కాదు, రెండని ఎనిమిదేళ్ళుగా నేను మొత్తుకుంటున్నాను. ఆగస్టు చివరికి రిపోర్టు ఇవ్వాలి.

నీ కుంటలో దొరికిన ఆ నాలుగూ మా వైపువి! కప్పలు వాటంతటవే కొండ దాటుతున్నాయంటే నా ఎనిమిదేళ్ళూ బూడిదలో పోసినట్టే. ఏమీ అనుకోకు గానీ, నేను పోయినసారి చూపించడానికి తెచ్చి అక్కడే మర్చిపోయిన మా వైపు పుల్లలు నీ వాటిలో కలిసిపోలేదు కదా? ఎందుకు అడుగుతున్నానంటే, రోజూ సాయంత్రం కుంట దగ్గర కూర్చుని విని రాయమని అన్నయ్యకి చెప్పాను. ఒక్క లావు గొంతే ఉందనీ, రెండోది లేనే లేదనీ రాశాడు. చిన్నప్పుడు కప్పలు వినడం నాకు నేర్పింది వాడే.

ఇక్కడేమో ల్యాబు వెనక తోటలో మా కప్పలు రెండేళ్ళుగా నోరు మూసుకున్నాయి. తోటమాలి చాటుగా ఏదో మందు కొడుతున్నాడని నా అనుమానం. అడిగితే అమాయకంగా మొహం పెడతాడు.

నీ ఆడపడుచు

జూన్ 19

ఆడపడుచు గారి సముఖానికి,

ఏమీ అనుకోకు అంటూనే అనాల్సినదంతా అనడం మీ ఇంటి విద్య. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను కాబట్టి ఏమీ అనుకోను.

నువ్వు మర్చిపోయిన పుల్లలు వచ్చిన కవరులోనే, విప్పకుండా, బీరువా పైన ఉన్నాయి. ఇదిగో, కవరుతో సహా పంపుతున్నాను, లెక్క చూసుకో. ఒక్కో కప్పకి ఒక్కో కొత్త గ్లౌజు తొడిగాను. అంట్లు కట్టే చేతులు నావి. ఏ కొమ్మ ఏ మొక్కదో కలిపేసుకుంటే ఈ నర్సరీ ఎప్పుడో మూతబడేది.

మీ అన్నయ్య ఒక్క గొంతే ఉందన్నారా? బాగుంది. నేను రోజూ రెండు వింటున్నాను. ఒకటి టొక్ టొక్. రెండోది చెంచా గాజుగ్లాసుకి తగిలినట్టు ఉంటుంది. మొన్న ఇద్దరం గట్టుమీదే కూర్చున్నాం. అది అరుస్తోంటే "అదిగో" అన్నాను. "ఏదీ?" అన్నారు. మళ్ళీ అరిచింది. "ఇదిగో, ఇది" అన్నాను. నావైపు జాలిగా చూసి లేచి వెళ్ళిపోయారు. నన్ను పిచ్చిదాన్ని చేద్దామనో ఏమో నాకు తెలియదు.

ఆయన సంగతి నీకు కాక ఎవరికి చెప్పను? ఈమధ్య మనిషి మనిషిలా లేరు. వంటింట్లోంచి నాలుగు మాటలు చెబితే గోడకి చెప్పినట్టే. నలుగురిలోకి రారు. కూలీలు ఏదైనా అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు చూసి వాళ్ళు తమకి తోచింది చేసేస్తున్నారు. వారం విడిచి వారం గురువారం పొద్దున్నే వ్యాను తీసుకుని కిందికి, మైదానంలో మొక్కల మార్కెట్టుకి వెళుతున్నానంటారు. ఇదివరకు నన్ను రమ్మని బతిమాలేవారు. ఇప్పుడు నేనే వస్తానంటే నీళ్ళు నమిలి, "నువ్వెందుకులే, దుమ్ము" అంటారు. మార్కెట్టులో దుమ్ము కొత్తగా పుట్టిందా?

సరే, నా మాట నమ్మవు కాబట్టి సాక్ష్యం పంపుతున్నాను. నా ఫోనులో కుంట చప్పుడు పట్టాను. చిప్పు ఈ పెట్టెలోనే, చిన్న డబ్బాలో ఉంది. విని నువ్వే చెప్పు.

వదిన

జూలై 1

వదినా,

చిప్పు అందింది. గది తలుపులు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూడుసార్లు విన్నాను. టొక్ టొక్ అనే మీ వైపు గొంతు నిండుగా ఉంది. వెనకాల ఎవరో బకెట్టు దించారు. కుక్క మొరిగింది. నువ్వు దగ్గావు. రెండో గొంతు మాత్రం లేదు. నువ్వు కావాలని అబద్ధమాడావని అనడం లేదు. ఉందనుకుని వింటే ఉన్నట్టే అనిపిస్తుంది, చదువుకున్నవాళ్ళకీ ఇది తప్పదు.

నేను మర్చిపోయిన పుల్లల లెక్క సరిపోయింది. నా అనుమానం తప్పే. అందుకని ఆ నాలుగు కప్పల్నీ ఇంకొంచెం లోతుగా చూశాను. ఇది చదివేటప్పుడు కాస్త కూర్చో.

మా వైపు లోయలు కూడా ఒకదానికొకటి అందవు. ఏ లోయ కప్పలు ఆ లోయలోనే పుట్టి పెరుగుతాయి కాబట్టి ఏ లోయ రక్తానికి ఆ లోయ గుర్తు ఉంటుంది. తల్లి నుంచి మాత్రమే పిల్లలకి దిగే భాగం ఒకటుంది, అది చూస్తే ఇంటిపేరు చదివినంత సులువుగా తెలుస్తుంది. నీ నాలుగూ నూలుమిల్లు లోయవి. మూతబడిన మిల్లు ఉంటుందే, అక్కడివి. ఇంకా విచిత్రం, నాలుగూ ఒకే తల్లి బిడ్డలు, ఒకే విడతలో పుట్టినవి. కొండ దాటి నడిచొచ్చినవైతే తలా ఒక తల్లికి పుట్టి ఉండాలి. ఒకే గూడు అంటే గూడే కదిలొచ్చిందన్నమాట. ఈ కప్పలు నీళ్ళ పైన వేలాడే ఆకుకి నురగ గూడు కట్టి అందులో గుడ్లు పెడతాయి. ఎవరో మొక్కని కుండీతో సహా తెచ్చారు. ఆకు అడుగున నురగ కూడా వచ్చింది.

నా రిపోర్టుకి ఇది ప్రాణం. తెచ్చినవాళ్ళు ఎవరో తేలితే కొండ ఇంకా గోడగానే ఉందని రాయగలను. తేలకపోతే మీ కుంటని లెక్కలోంచి కొట్టేసి, అక్కడి సమాచారం నమ్మదగింది కాదని రాయాలి. ఆ మాట నీ మీదికే వస్తుంది. నూలుమిల్లు లోయ నుంచి మొక్కలు ఎవరు తెస్తున్నారు? నువ్వేగానీ కొన్నావా? కొంటే చెప్పెయ్, తప్పేం లేదు.

నీ ఆడపడుచు

జూలై 8

ఆడపడుచుకి,

కూర్చునే చదివాను.

ముందు నీ చెవుల సంగతి. ఆ చిప్పులో గాజుగ్లాసు చప్పుడు మోగిపోతోంటే నువ్వు లేదంటావు, ఆయనా లేదంటారు. కుక్క మొరగడం వినపడింది, నా దగ్గు వినపడింది, అది మాత్రం వినపడలేదా? అన్నాచెల్లెళ్ళిద్దరూ ఏదో అనుకునే ఈ మాట అంటున్నారని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో మాత్రం అంతుబట్టడం లేదు.

నూలుమిల్లు లోయ నుంచి నేనేమీ కొనలేదు. నేను ఆ లోయ మొహమే చూడలేదు. కానీ ఆయన గురువారం వచ్చినప్పుడల్లా వ్యాన్లో రెండు మూడు కుండీలు ఉంటాయి. పెద్దాకుల మొక్కలు. "మార్కెట్టులో నచ్చాయి" అంటారు. కుంట గట్టున చల్లగా ఉంటుందని నేనే అక్కడ పెట్టించాను. నీ ఉత్తరం చూశాక వెళ్ళి ఆ కుండీల కింద మట్టి చూశాను. ఎర్రగా, జిగురుగా ఉంది. మైదానం మార్కెట్టులో కుండీలకి నల్లమట్టి వాడతారు, ఆ సంగతి నాకు తెలుసు.

మార్కెట్టు కొండకి ఇటు, నూలుమిల్లు అటు. రెండింటికీ పొంతన లేదు. మనిషి నాతో ఒకటి చెప్పి ఇంకోచోటికి వెళుతున్నారు.

నిన్న ఆయన తొట్లకి నీళ్ళు పడుతోంటే వెనక నిలబడి అడిగేశాను. "నూలుమిల్లులో ఎవరున్నారు?" అని. వెనక్కి తిరగలేదు. ఉలకలేదు, పలకలేదు. గొట్టం పట్టుకుని పక్క వరసలోకి వెళ్ళిపోయారు. ఇంతకంటే జవాబేం కావాలి?

నీకు తెలిసే ఉంటుంది. అక్కడ ఎవరున్నారో, ఎన్నాళ్ళుగానో చెప్పు. ఏడవను, అరవను. నాకు తెలియాలంతే.

వదిన

జూలై 15

వదినా,

నువ్వు రాసిన మాటకి నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు ఆగి రాస్తున్నాను. మా అన్నయ్య అలాంటివాడు కాదు. నేనూ వాడూ కలిసి నీకు గంతలు కట్టామనుకుంటున్నావా? మాకు అంత తీరికా లేదు, తెలివీ లేదు.

అయినా నీ ఉత్తరం నన్నూ కుదురుగా ఉండనివ్వలేదు. అన్నయ్యకి ఫోను చేశాను. నూలుమిల్లు వెళుతున్నావా అంటే, "ఆ, నీళ్ళు బాగానే పడ్డాయి" అన్నాడు. ఎవరున్నారక్కడ అంటే, "సరే సరే, వదినతో చెబుతాలే" అని పెట్టేశాడు. తప్పించుకునేవాడి జవాబులే.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. నీకు అన్నయ్య మీద ఏదో కోపం ఉంది, ఆ కోపంలో నా కప్పల్ని సాక్షికి పిలుస్తున్నావేమో అని. లేని గొంతు ఉందని పట్టుబట్టడం చూశాక నీ మిగతా మాటలు ఎంతవరకు నమ్మాలో తెలియడం లేదు. నెలాఖరులోగా ఏదీ తేలకపోతే కుంటని కొట్టేస్తాను.

నీ ఆడపడుచు

జూలై 27

అమ్మాయికి,

నిన్ను అమ్మాయి అని పిలిచి ఎన్నేళ్ళయిందో. ఈ ఉత్తరం నిదానంగా చదువు. మధ్యలో కోపం తెచ్చుకోకు.

గురువారం ఆయన వ్యాను కదిలాక నేను కొండ దాటే బస్సెక్కాను. మిల్లు దగ్గర దిగాను. పెద్ద ఊరేం కాదు. తుప్పుపట్టిన గేటు, మిల్లు కార్మికుల పాత ఇళ్ళ వరస, చివర పచ్చరంగు తలుపున్న మేడ. మన వ్యాను ఆ మేడ ముందే ఆగి ఉంది. మెట్ల పొడవునా పెద్దాకుల కుండీలు, కింద పళ్ళేల్లో నీళ్ళు. ఒక ఆకు అడుగున తెల్లగా సబ్బునురగలా ఉంది.

బెల్లు కొడితే ఒకావిడ తలుపు తీసింది. నా వయసే ఉంటుంది. చక్కగా దువ్వుకున్న జుట్టు, మెల్లని మాట. "మీరు పేషెంటు బంధువులా?" అని అడిగింది. అప్పుడు చూశాను ఆవిడ పక్కన గోడకున్న బోర్డు. చెవుల డాక్టరు.

లోపల గాజు గదిలో ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అటు తిరిగి కూర్చుని ఉన్నారు. బడిలో పరీక్షకి కూర్చున్న పిల్లాడిలా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. చప్పుడు వినపడగానే వేలెత్తాలట. డాక్టరమ్మ మీట నొక్కింది, ఆయన వేలెత్తారు. మళ్ళీ నొక్కింది, ఎత్తారు. తరవాత సన్నవి మొదలుపెట్టింది. బయట ఆవిడ పక్కనున్న చిన్న స్పీకర్లోంచి నాకు వినపడుతూనే ఉంది, చెంచా గాజుగ్లాసుకి తగిలినట్టు. ఆయన వేలు లేవలేదు. ఆవిడ మళ్ళీ నొక్కింది. నేను లోపల్లోపల, "ఎత్తండి, ఎత్తండి" అనుకుంటూ నిలబడ్డాను. లేవలేదు.

ఇన్నాళ్ళూ మనిషి నా మాట పెడచెవిన పెడుతున్నారని తిట్టుకున్నాను. అక్కడే బల్లమీద కూర్చుని ఏడ్చాను.

రెండేళ్ళుగా వస్తున్నారట. మీ నాన్నగారికి చెవులు పోయాక ఇంట్లో అందరూ అరిచి మాట్లాడేవాళ్ళనీ, ఆయన మెల్లగా గదిలోంచి రావడమే మానేశారనీ, తనకీ అదే మొదలైందని తెలిస్తే నేనూ అరుస్తాననీ భయపడి, చెవి మిషను కూడా వద్దన్నారట. ఊరికే వచ్చానంటే అనుమానిస్తానని డాక్టరమ్మ మెట్ల మీంచి రెండు కుండీలు అడిగి తెచ్చేవారు. నీ కప్పలు అలా వచ్చాయి. నీ ఫోనుకి ఆయన ఏం జవాబిచ్చారో గుర్తుతెచ్చుకో. తప్పించుకోవడం కాదది.

డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది. "ఆయనకి తోబుట్టువులున్నారా? ఇది రక్తంలో దిగేది. నలభై దాటాక సన్న శబ్దాల నుంచి మొదలవుతుంది. పోయినట్టు వాళ్ళకే తెలియదు" అంది.

నా చిప్పు మూడుసార్లు విన్నానన్నావు. ఇంకొక్కసారి విను. ఈసారి వేరే ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని విను. నీ మీద కోపంతో రాయడం లేదమ్మా.

వదిన

ఆగస్టు 6

వదినా,

నీ ఉత్తరం వచ్చిన రోజు చిప్పు బయటికి తియ్యలేదు. మర్నాడూ తియ్యలేదు. మూడో రోజు పక్క సీటులో పనిచేసే ఆవిడని పిలిచి, ఊరికే ఇది ఎలా ఉందో వినండి అన్నాను. ఒక నిమిషం విని, "రెండు జాతులూ ఒకే కుంటలోనా! ఎక్కడ దొరికింది మీకు?" అంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. నాకు టొక్ టొక్ తప్ప ఏమీ లేదు.

చప్పుడుని బొమ్మగా గీసే యంత్రం ఉంది మాకు. అందులో పెట్టాం. కింద లావు గొంతు గీతలు, పైన వరసగా సన్నని గీతలు. నువ్వు విన్నవన్నీ అక్కడున్నాయి. నీ దగ్గుకి ముందు ఒకటి, తరవాత రెండు. కళ్ళతో చూస్తున్నాను, చెవిలో ఏమీ లేదు. వదినా, నాకు చాలా భయం వేసింది.

అప్పుడు ఆవిడ మామూలుగా అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "ఆ సన్న గొంతువి మన తోటలోవే అనుకున్నాను ముందు. రోజూ సాయంత్రం కిటికీ కింద ఇవే కదా గోల" అంది. నేను నోరు మూసుకున్నాయనుకున్న కప్పలు రెండేళ్ళుగా కిటికీ కిందే అరుస్తున్నాయి. పాపం ఆ తోటమాలి మొహం అమాయకంగా పెట్టడం కాదు, అతను అమాయకుడే. వెళ్ళి క్షమించమన్నాను. దేనికో అతనికి అర్థం కాలేదు.

లక్షల ఏళ్ళనాటి కప్పల్లో ఏ మార్పు ఎటు దిగిందో చెప్పే మనిషిని, నాన్న నుంచి నాకేం దిగిందో చూసుకోలేదు. నీ మాట అబద్ధమన్నాను. అన్నయ్య మాట నిజమన్నాను, వాడు నాలాగే విన్నాడు కాబట్టి. నన్ను క్షమించు.

కుంటని కొట్టేయడం లేదు. కొండ గోడగానే ఉంది, గూడు వ్యాన్లో వచ్చింది. పైగా పోయిన నెల కుంటలోంచి నువ్వు సీసాలో పంపిన తోకకప్పల్లో రెండు జాతులూ కలిసి పుట్టింది ఒక్కటి కూడా లేదు. ఒకే కుంటలో పక్కపక్కన అరుస్తున్నా మీ వైపు ఆడవి తమవాళ్ళ గొంతుకే వెళ్ళాయి. రెండు జాతులనడానికి నా ఎనిమిదేళ్ళలో ఇంత గట్టి రుజువు దొరకలేదు. రెండో గొంతు విన్నది మా వదిన అని రిపోర్టులో రాస్తున్నాను.

కానీ ఆ నాలుగింటినీ వాటి లోయకి తిరిగి చేర్చాలి. అనుమతి తీసుకున్నాను. నాలుగూ మగవే కాబట్టి వాటిని గొంతు విని పట్టాలి. మా ఇద్దరి వల్లా కాదు. నేను శనివారం వస్తున్నాను. ఆ గురువారం అన్నయ్య వ్యాన్లో నేనూ నూలుమిల్లు వెళతాను, కప్పల్ని దించడానికీ, నా చెవులు చూపించుకోవడానికీ.

నీ అమ్మాయి

ఆగస్టు 26

అమ్మాయికి,

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నీ చెవి మిషను అలవాటైందా? మొదట్లో పళ్ళేల చప్పుడుకి కూడా ఉలిక్కిపడతావట, మిషను పెట్టుకున్నాక ఈయనా అంతే. నీళ్ళ పంపు ఇంత గోల చేస్తుందా అని నన్ను దెబ్బలాడారు, నేనేదో దానికి చెప్పి చేయించినట్టు.

నువ్వున్నప్పుడు గొంతు వినపడగానే నేను నీ చెయ్యి పట్టుకుని నొక్కుతోంటే, నువ్వు లైటు వేస్తోంటే మూడు దొరికాయి. నాలుగోది మనల్ని ఏడిపించిందిగా. నువ్వు వెళ్ళాక కూడా వారంపాటు దాని జాడ లేదు. చచ్చిపోయిందనుకున్నాను.

నిన్న సాయంత్రం వాన వెలిశాక గట్టుమీద కూర్చున్నాం. నేను కూలీల సంగతేదో చెబుతున్నాను. ఈయన నన్ను ఆగమని, మెల్లగా వేలెత్తారు, గాజు గదిలో ఎత్తినట్టే. నేను నోరు మూసుకున్నాను. అప్పుడు వినపడింది నాకు, కుండీల వెనకనుంచి. నా మాటల్లో నేనే వినలేదు. ఈయనే ముందు విన్నారు. దాన్ని పట్టుకోకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాం. ఒక్క రోజు ఉంటే నీ కొండేమీ కూలిపోదు కదా. గురువారం దించేస్తాం, ఇప్పుడు నన్నూ రమ్మంటున్నారు.

ఒక్క మాట నీకు మాత్రమే చెబుతున్నాను. ఈ రెండేళ్ళూ వంటింట్లో నిలబడి ఈయన్ని నేను అన్న మాటలు అన్నీ ఇన్నీ కావు. అవన్నీ విని కూడా ఊరుకున్నారేమో, కడుపులో పెట్టుకున్నారేమో అని నాకు భయంగా ఉండేది. నిన్న అడిగేశాను. ఒక్కటీ వినలేదట. అమ్మయ్య అనుకున్నాను.

అనుకునేలోపలే, "ఏమేం అన్నావో మొదటినుంచీ చెప్పు, ఇప్పుడు వింటాను" అని నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

మొదలుపెట్టాను. ఇంకా పోయినేడాది వానాకాలం దగ్గరే ఉన్నాం.

నీ వదిన